గార మరకల చాటున పిప్పి పన్ను

"మా దిక్కు పండ్లు గిట్లనే ఉంటయి మేడం."

నల్లగొండలో పండ్ల డాక్టరుగా కూర్చున్నప్పటి నుంచి నేను అన్నిటికంటె ఎక్కువగా విన్న మాట ఇది. మర్రిగూడ, చండూరు, నాంపల్లి దిక్కు నుంచి వచ్చినవాళ్లు నోరు తెరవకముందే ఈ మాట అంటారు. తెరిస్తే పండ్ల మీద అడ్డంగా గోధుమరంగు గీతలు, కొందరికి చిన్నచిన్న గుంతలు. నేనూ ఆ దిక్కు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినదాన్నే, నా పండ్ల మీదా ఆ గార ఉన్నది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్ల మనసు నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, ఫ్లోరైడ్ చేసిన చెరుపు కంటె "గిట్లనే ఉంటయి" అని ఊకుండిపోవడం వల్ల పోయిన పండ్లనే నేను ఎక్కువ చూశాను.

మనది గ్రానైట్ రాతి నేల. ఆ రాయిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన ఊళ్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా చిగుళ్ల లోపల శాశ్వత పండ్ల పై పొర, అంటే ఎనామిల్, తయారవుతుంటుంది. గార పడేది అప్పుడే. ఎనామిల్ లోపలే పడ్డ మరక కాబట్టి ఎంత తోమినా పోదు. బొగ్గు, ఇటుక పొడి పెట్టి రుద్దితే ఉన్న ఎనామిల్ కూడా అరిగిపోతుంది.

నీళ్ల కోసం ఈ జిల్లా చేసిన పోరాటం చిన్నది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి దేశం చూపును మన బాధ వైపు తిప్పారు. ఇప్పుడు మిషన్ భగీరథ మంచినీటి పథకం కింద కృష్ణా నీళ్లు ఇండ్లకు వస్తున్నాయి. ఆ నీళ్లతో పెరిగిన పిల్లలకు తెల్లటి పండ్లు వస్తుంటే నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. కానీ గార లేదు కాబట్టి డాక్టరు అక్కర లేదనుకునే తల్లిదండ్రులను చూస్తే భయమేస్తుంది.

ఫ్లోరైడ్ పేరు వింటేనే మనవాళ్లకు వణుకు. నిజానికి పండ్లను కాపాడేదీ అదే, మోతాదులో ఉంటే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే డాక్టరు అక్కడివాళ్లకు మనలాంటి మరకలే ఉండటం చూశాడు. ఆ పండ్లు తొందరగా పుచ్చిపోకపోవడమూ గమనించాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. పేస్టులో ఫ్లోరైడ్ చేరడానికి దారి అక్కడ పడింది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మించాలి. పిల్లలు ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగండి.

గార మరీ ముదిరి గుంతలు పడ్డ పండ్ల సంగతి వేరు. ఆ గుంతల్లో తిండి ఇరుక్కొని పిప్పి మొదలవుతుంది. గోధుమరంగు మరక ఏదో, గోధుమరంగు పిప్పి ఏదో ఇంట్లో అద్దంలో చూసుకుంటే తేలదు. మంచి వెలుతురు, చిన్న అద్దం, ఆరితేరిన కన్ను కావాలి. ఆరు నెలలకోసారి రమ్మని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఎనామిల్‌లో నరం లేదు. పిప్పి అందులో ఉన్నంతకాలం నొప్పి ఉండదు. దాని కింది పొరకు చేరితే చల్లనీళ్లకు జివ్వుమంటుంది. నరం దాకా పోతే రాత్రి నిద్ర ఉండదు. మనవాళ్లు వచ్చేది అప్పుడే. మొదట్లో వస్తే ఒక్క పూటలో సిమెంటు నింపి పంపేదాన్ని. ఆఖరున వస్తే రూట్ కెనాల్, క్యాప్, నాలుగైదు తిరుగుళ్లు, వేల రూపాయలు. అంత పెట్టలేనివాళ్లు "పీకెయ్యి బిడ్డా" అంటారు. ఆ మాటకు పట్టకారు పట్టుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆరేళ్ల వయసులో వచ్చే దవడ పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాల పండ్ల వెనక చప్పుడు చేయకుండా వస్తుంది. దాని కోసం ఏ పాల పన్నూ ఊడదు. ఇదీ పాల పన్నేనని, ఊడిపోయేదేనని వదిలేస్తారు. అది జీవితాంతం నమలాల్సిన పన్ను. రాగానే చూపిస్తే దాని గాడుల మీద పలుచని పూత వేసి కాపాడవచ్చు.

పాలమూరు (మహబూబ్‌నగర్) దిక్కు నుంచి వలసపోయే కూలీలది ఇంకో గోస. పని ఉన్న చోట డాక్టరు ఉండడు. ఒంటి నొప్పులు మరవడానికి గుట్కా, తంబాకు. ఊరికి వచ్చేసరికి నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. బుగ్గ లోపల తెల్లబడి గట్టిపడటం, రెండు వారాలైనా మానని పుండు క్యాన్సర్‌కు ముందు గుర్తులు కావచ్చు. ఇవి నొప్పి లేకుండా మొదలవుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్లు కూడా ఇట్లనే, మెల్లగా పాడై పండ్లు కదులుతాయి.

ఖర్చుకు జంకేవాళ్లకు దారి ఉన్నది. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చదువుకునే పిల్లలు పరీక్ష చేస్తారు. జిల్లా ఆస్పత్రిలోనూ అడగండి. ఇంట్లో ఆరేళ్లు నిండిన పిల్లగాడో పిల్లో ఉంటే, నొప్పి లేకున్నా సరే, వచ్చే సెలవుల్లో తీసుకుపోయి ఒకసారి నోరు తెరిపించండి. మీదీ చూపించుకోండి.