నిమిరే చేతికి ఒక వేగం ఉంది

రండర్రా, అరుగు మీద బోలెడు జాగా, సర్దుకు కూర్చోండి. పొద్దున చిన్నాడు పడి మోకాలు చెక్కుకున్నాడా? వాళ్లమ్మ మందు వెతక్కముందే వీపు నిమిరింది, ఏడుపు సగం దిగిపోయింది. గారం అని నవ్వారు మీరంతా. గారమేనర్రా, కాకపోతే దానికోసం ఒంట్లో వేరే నరాలున్నాయి!

తాకిన కబురు మోసే నరాల్లో ఒక రకం ఎక్స్‌ప్రెస్ రైలు. దోమ ఎక్కడ వాలిందో ఠక్కున చెప్పేస్తుంది. ఇంకో రకం ఎడ్లబండి. సెకనుకు మీటరు నడక. పిక్క మీద నిమిరితే వెన్నుపాము చేరేసరికే ఇంచుమించు సెకను. ఎక్కడ తాకారో సరిగా చెప్పలేదు పాపం, హాయిగా ఉందన్న సంగతి మాత్రం మోసుకొస్తుంది. మా చిన్నప్పుడు బండి కట్టుకుని పెళ్లికెళితే తెల్లారిపోయేది, కానీ దారంతా ఎన్ని కబుర్లు! సరే, ఎక్కడున్నాం?

ఈ ఎడ్లబండి నరాల్ని 1939లో స్వీడన్‌లో జొట్టర్‌మన్ అనే ఆయన పిల్లిలో పట్టుకున్నాడు. మనుషుల్లో లేవేమో అని చాన్నాళ్లు అనుకున్నారు. 1990 ప్రాంతంలో మనలోనూ దొరికాయి. ఇవి మహా పేచీకోరువి. గబగబా రుద్దితే సరిగా పలకవు, ఊరికే చెయ్యి ఆనించి ఉంచినా అంతే. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనమున్న చేత్తో నిమరాలి, అప్పుడే హుషారు.

అసలు ముచ్చట వినండి. తల్లిదండ్రుల్ని బిడ్డను నిమరమని అడిగితే, ఎవరూ చెప్పకుండానే చెయ్యి ఆ వేగంలోకే వచ్చింది. బొమ్మచెయ్యి ఇచ్చి నిమరమంటే గబగబా లాగించేశారు! స్కేలు లేదు, గడియారం లేదు, చేతికెలా తెలిసిందంటారు? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఏమే బుజ్జీ, అరచేతిలో కూడా ఉంటాయా అంటావా? భలే అడిగావు. అక్కడ బాగా తక్కువ. అయినా చెయ్యి పట్టుకుంటే ధైర్యమొస్తుందిగా! ప్రేమంతా ఒక్క నరం మీదే నడవదు మరి. 2006లో అమెరికాలో కోన్ అనే ఆయన బృందం 16 మంది ఇల్లాళ్లకు కాలి చీలమండ దగ్గర చిన్న కరెంటు షాక్ తగలొచ్చని చెప్పి, మెదడును స్కాన్ చేసింది. ముక్కూమొహం తెలియని వాళ్ల చెయ్యి పట్టుకున్నా మెదడులో కంగారు కాస్త తగ్గింది. మొగుడి చెయ్యయితే బాగా తగ్గింది. కాపురం బాగున్న వాళ్లకు మరీనూ.

వంటింట్లోంచి ఏదో గొణుగుడు వినిపిస్తోంది. మీ నానమ్మ ఏమంటోందో కనుక్కురండి, నేను మాత్రం వెళ్లను.