వాగు పొంగకముందే

జూన్ దగ్గరపడుతుంటే ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆశా కార్యకర్త చేతిలోని రిజిస్టరుకు విలువ పెరుగుతుంది. అందులో ప్రతి గర్భిణి పేరు పక్కనా ఒక తేదీ రాసి ఉంటుంది. కాన్పు కావచ్చని డాక్టర్లు లెక్కగట్టిన రోజు అది. ఆ తేదీ జులైలోనో ఆగస్టులోనో పడి, ఊరికీ రోడ్డుకూ నడుమ వాగు ఉందంటే, నొప్పులు మొదలయ్యేదాకా ఆగే వీలు ఆ ఇంటికి లేదు. నార్నూర్, గాదిగూడ, కెరమెరి, తిర్యాణి మండలాల గూడేల్లో ముసురు పట్టిందంటే చిన్న ఒర్రె కూడా దారి కట్టేస్తుంది. అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోతుంది. ఇక మంచాన్ని డోలీ చేసి, నడుం లోతు నీళ్ళలో నలుగురు మోసుకురావాల్సిందే. వానాకాలం పత్రికల్లో ఏటా కనిపించే ఫొటో అది.

ఆ ఫొటోకు విరుగుడు కూడా ఆ ప్రాంతంలోనే మొదలైంది. కాన్పు దగ్గరపడ్డవారిని వాగు పొంగకముందే దాటించి, ఉట్నూరు వంటి చోట్ల ఆస్పత్రికి అందుబాటులో ఉండే బర్త్ వెయిటింగ్ గదుల్లో ఉంచుతున్నారు. 2022 జులైలో గోదావరి పొడవునా వరదలు వచ్చినప్పుడు అప్పటి వైద్య ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు కూడా ముంపు జిల్లాల అధికారులకు ఇదే మాట చెప్పారు: నెలలు నిండిన గర్భిణులను గుర్తించి ముందే ఆస్పత్రులకు చేర్చండి.

వినడానికి ఎంతో తేలిక. గూడెంలో గడప ముందు కూర్చుంటే గానీ అందులోని కష్టం తెలియదు. నొప్పులే లేవు, ఇప్పుడే ఎందుకొచ్చుడు అంటుంది గర్భిణి. పత్తి చేలో కలుపు తీసే అదునులో పది పదిహేను రోజులు ఇల్లు వదిలితే పెద్ద పిల్లలను ఎవరు చూస్తారు? మేకలను ఎవరు తోలుకుపోతారు? తోడు వచ్చే అత్తకు కూలి పోతుంది, అక్కడ ఆమెకు తిండి ఎవరు పెడతారు? ఇవి మొండికేసి అడిగే ప్రశ్నలు కావు, బతుకు లెక్కలు. జవాబు దొరికిన ఇంటి నుంచే గర్భిణి బండెక్కుతుంది. ఆమెకు మంచం, వెంట వచ్చినవారికి భోజనం, తిరిగి ఇంటికి చేర్చే బండి ఉంటాయని ఆశా కార్యకర్త గట్టిగా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

విపత్తు నిర్వహణలో ఇలాంటివాటిని ముందస్తు చర్యలు అంటున్నారు. ముప్పు రాబోతోందని తెలిసిన క్షణానికీ, అది వచ్చి పడే క్షణానికీ నడుమ ఉన్న గడువును వాడుకోవడమే ఇందులో కీలకం. 2027 చివరికల్లా భూమ్మీద ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి 2022లో లక్ష్యం పెట్టుకుంది. అయితే హెచ్చరిక అందితే సరిపోదు, అందుకున్న మనిషి కదలగలగాలి. గర్భిణుల విషయంలో ఏజెన్సీ సమకూర్చుకున్నవి నాలుగే: ఒక పేరు, ఒక తేదీ, వెళ్ళి తీసుకొచ్చే మనిషి, ఉండేందుకు చోటు. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మిగతా నిస్సహాయులకు ఈ నాలుగూ ఇంకా ఒక్కచోటికి రాలేదు.

ఆ గడువు ఎంత చిన్నదో కడెం చూపించింది. కుంటాల జలపాతం మీదుగా దూకి వచ్చే కడెం వాగు పరీవాహకమంతా అడవీ గుట్టలూ. ఎగువన కుండపోత కురిస్తే కొద్ది గంటల్లో ఆ నీరు నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు చేరుతుంది. 1958 ఆగస్టులో నీరు కట్ట మీదుగా పొర్లి ఎడమవైపు పెద్ద గండి పడింది. తరవాత గేట్లు పెంచి మళ్ళీ కట్టారు. 2022 జులై 13న రాత్రి ఇన్‌ఫ్లో 5 లక్షల క్యూసెక్కులు దాటింది. ప్రాజెక్టు బయటికి వదలగలిగింది 3 లక్షల క్యూసెక్కుల పైచిలుకే. 18 గేట్లలో ఒకటి మొరాయించింది, 17 మాత్రమే లేచాయి. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. మళ్ళీ ఎడమవైపే గండి పడి నీటి ఒత్తిడి తగ్గడంతో డ్యామ్ నిలిచింది. ఏడాది తిరగ్గానే 2023 జులై 27న అదే భయం, మళ్ళీ గేట్ల మీదుగా పారిన నీరు.

ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి, ప్రాణాలు దక్కాయి. అధికారులు, పోలీసులు, యువకులు రాత్రంతా చేసిన పని అది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అర్ధరాత్రి మైకులో చాటింపు వేసినప్పుడు చెవిటి మనిషికి అది వినపడదు. కరెంటు పోయిన చీకట్లో చూపులేని ముసలమ్మ ఏ దిక్కు నడవాలి? పక్షవాతంతో మంచం పట్టినవారిని ఎత్తుకోవడానికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరెవరో ముందే అనుకుని ఉండాలి. మానసిక ఎదుగుదల లేని పిల్లవాడు ఆ గోలకు బెదిరి ఇంటి మూలకు నక్కుతాడు, తల్లి వాణ్ని వదిలి రాదు.

ఐక్యరాజ్యసమితి విపత్తు విభాగం 2013లో వికలాంగులను ప్రశ్నిస్తే, హఠాత్తుగా విపత్తు వస్తే ఇబ్బంది లేకుండా వెంటనే బయటపడగలమని చెప్పినవారు నూటికి 20 మంది. పదేళ్ళ తరవాత 2023లో మళ్ళీ అడిగారు. తమకంటూ ఏ ముందస్తు ప్రణాళికా లేదన్నవారు నూటికి 84 మంది.

మన దేశంలో ఈ విషయంలో చట్టానికి లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు స్పష్టమైన బాధ్యత పెట్టింది. జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ముప్పు పొంచి ఉన్నప్పుడు వారికి తెలియజేసే ఏర్పాట్లు చేయాలి. ఆ సంస్థకు అధ్యక్షుడు జిల్లా కలెక్టరే. ఇందుకోసం కొత్త సర్వే కూడా అక్కర్లేదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో ఎవరికి ఏ వైకల్యం, ఎంత శాతం అన్నది రాసే ఉంది. వికలాంగులు, వృద్ధులు, ఒంటరి మహిళల పింఛన్ల జాబితా ప్రతి పంచాయతీలో ఉంది. నెలనెలా డబ్బు చేర్చడానికి పనికొచ్చే జాబితా వరద రాత్రి ఎందుకు పనికిరాదు? మే నెలలో పంచాయతీ కార్యదర్శి, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ఒక పూట కూర్చుని, వాగు ఒడ్డు వాడల్లోని పేర్లకు ఎదురుగా ఎత్తుకొచ్చే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాస్తే చాలు. ఆ జాబితాను వికలాంగుల సంఘాల వాళ్ళే సరిచూడాలి. ఎవరు ఏ ఇంట్లో ఉంటారో, ఎవరిని ఎలా పట్టుకుని లేపాలో వాళ్ళకంటే తెలిసినవారు లేరు.

జాబితాలకు అందనివాళ్ళు ఇంకో రకం. 2022 జులైలోనే జగిత్యాల జిల్లా రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర గోదావరి నడిమి కుర్రులో వ్యవసాయ పనులకు వెళ్ళిన తొమ్మిదిమంది కూలీలు చిక్కుకుపోయారు. రక్షణ దళాలు వాళ్ళను బయటికి తెచ్చాయి. ఆ వార్త కోసం వెళ్ళిన విలేకరి ఒకరు దారిలో కారుతో సహా వరదలో కొట్టుకుపోయి ప్రాణం కోల్పోయారు. అవే రోజుల్లో మంచిర్యాల జిల్లా చెన్నూరు మండలం సోమన్‌పల్లి దగ్గర పశువుల కోసం వెళ్ళిన ఇద్దరు నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుంటే హెలికాప్టర్ వచ్చి దించింది. 2025 ఆగస్టు చివర్లో రాజన్న సిరిసిల్ల జిల్లా నర్మాల దగ్గర ఎగువ మానేరు పొంగి, అవతలి గట్టున పశువులతో ఉన్న రైతులు రాత్రంతా నీటి నడుమ గడిపారు. మర్నాడు హెలికాప్టర్‌లో ఐదుగురు బయటపడ్డారు, ఒకరు గల్లంతయ్యారు.

మూడుచోట్లా చిక్కుకున్నవాళ్ళు మాట విననివాళ్ళేమీ కాదు. రెండు బర్రెలే ఆస్తిగా ఉన్న మనిషికి, వరద వస్తోంది వాటిని వదిలి రమ్మంటే కాళ్ళు కదలవు. కుర్రులో కూలికి వెళ్ళే ఆడవాళ్ళకు ఆ రోజు పని మానుకుంటే ఆ రోజు కూలి లేదు. కాబట్టి వాళ్ళకు ముందస్తు చర్య అంటే హెచ్చరిక ఫోన్‌లో మోగడం కంటే ముందు మిట్ట మీద పశువులకు దొడ్డి, నాలుగు రోజుల ఎండుగడ్డి, పశువైద్య సిబ్బంది. గేట్లు ఎత్తే కబురు ఊరికి చేరినంత వేగంగా కుర్రుల్లో, ఏటి గట్ల మీద ఉన్నవాళ్ళకు చేరాలంటే ఆ పూట అవతలికి ఎవరెవరు వెళ్ళారో ఊళ్ళో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

బంగ్లాదేశ్ ఈ లెక్కను బాగా అర్థం చేసుకుంది. 2020 జులై 4న జమున నదికి పెద్ద వరద రాబోతోందని అంచనా రాగానే ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. వరద గరిష్ఠానికి చేరకముందే నదీ తీర కుటుంబాలకు తలా 4,500 టాకాలు అందాయి. పశువులకు దాణా, విత్తనాలూ పనిముట్లూ తడవకుండా దాచుకోవడానికి మూతలున్న డ్రమ్ములు కూడా ఇచ్చారు. పేదవాడు వరదకు ముందు బర్రెను అడ్డికి పావుశేరుకు అమ్ముకోకుండా ఆ డబ్బు ఆపింది. మన దగ్గర పంట నష్టం, ఇంటి నష్టం లెక్క వరద తీశాకే మొదలవుతుంది. ఆ క్రమం మారాలి.

ఏజెన్సీలో చిక్కు మరొకటి. ఫోన్లకు వచ్చే హెచ్చరిక తెలుగులో ఉన్నా, గోండి, కొలామీ మాట్లాడే గూడెంలోని పెద్దవాళ్ళకు అందులో ఎంత అర్థమవుతుంది? గుట్టల నడుమ సిగ్నలే అందని చోట్లూ ఉన్నాయి. 2025 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక్కరోజే పిడుగుపాటుకు ఆరుగురు చనిపోయారు. వారిలో నలుగురు గాదిగూడ మండలంలో వానకు చేలోని గుడిసెలో తలదాచుకున్నవారు. పిడుగుల సూచన చెప్పే దామిని యాప్ అప్పటికే ఉంది. కానీ విత్తనాలు వేసే వేళ చేలో ఉన్న మనిషి యాప్ తెరిచి చూడడు. గోండుల్లో గూడేనికి పటేల్ ఉన్నాడు, పంచాయితీలు తేల్చే రాయి సెంటర్లు ఉన్నాయి. వాళ్ళ మాటకున్న మన్నన ఇంకెవరి మాటకూ లేదు. పిడుగు వేళ చెట్టు కింద, ఒంటరి గుడిసెలో ఉండొద్దన్న సంగతి విత్తుకంటే ముందే వాళ్ళ నోట, వాళ్ళ భాషలో చేరాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు వస్తే మరో దృశ్యం. చాలా ఇళ్ళలో సంపాదించే కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. స్లాబు ఇల్లు ఉంటుంది, అందులో ఇద్దరు ముసలివాళ్ళు. పేదరికం లెక్కల్లో ఆ ఇల్లు ఎక్కడా కనిపించదు. వరద వస్తే దుబాయి నుంచి ఫోన్ చేసే కొడుకు ఉంటాడు గానీ మంచం ఎత్తే చేయి ఉండదు. నిస్సహాయత అంటే రేషన్ కార్డు రంగు ఒక్కటే కాదని ఈ ఇళ్ళు చెబుతాయి.

తీసుకెళ్ళే చోటు కూడా ఆలోచించి ఎంచుకోవాలి. 2022 జులైలో మంచిర్యాలలో అప్పుడప్పుడే ప్రారంభమైన మాతా శిశు ఆస్పత్రే గోదావరి ముంపులో చిక్కుకుంది. బాలింతలను, పసిపిల్లలను అక్కడి నుంచి హడావుడిగా వేరే ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. పునరావాస కేంద్రంగా వాడే బడికి ర్యాంపు లేకపోతే చక్రాల కుర్చీ బయటే ఉండిపోతుంది. మరుగుదొడ్డికి తలుపు లేకపోతే ఆడపిల్లలు తడిసిన ఇంటికే వెళ్ళిపోతారు.

ఇక ఎండ. వరద కంటే ఎక్కువమందిని, చప్పుడు లేకుండా తీసుకుపోయే విపత్తు ఇది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్ పేర్లు ఏటా అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో పైనే ఉంటాయి. ఐదు రోజుల ముందే వాతావరణ శాఖ వడగాడ్పుల హెచ్చరిక ఇస్తోంది. వరదకు దొరకని గడువు ఇక్కడ దొరుకుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయం. అయితే ఆ డబ్బు మనిషి పోయాక వస్తుంది.

రేకుల కింద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మనిషి ఉండగానే అందేదేమిటి? స్వయం ఉపాధి మహిళల సంఘం సేవా 2023లో గుజరాత్‌లో మొదలుపెట్టిన ఎండ బీమా ఒక దారి చూపుతోంది. ఉష్ణోగ్రత ఫలానా హద్దు దాటితే చాలు, డాక్టరు చీటీ, నష్టం రుజువు ఏవీ అడగకుండా సొమ్ము ఖాతాలో పడుతుంది. 2024 వేసవిలో మూడు రాష్ట్రాల్లో దాదాపు 50 వేలమంది సభ్యులకు తలా 400 రూపాయలు ముందుగా అందాయి. పెద్ద మొత్తం కాదు. ఒక మధ్యాహ్నం పని మానుకుని నీడపట్టున ఉండటానికి సరిపోతుంది. సిరిసిల్ల, నిర్మల్ వైపు బీడీ కార్మికుల ఖాతాలు, మహిళా సంఘాల పుస్తకాలు ఉన్నాయి. వాటి మీద ఇలాంటిది నిలబెట్టడం కష్టమేమీ కాదు.

పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళకు ఆ ఖాతాలూ పుస్తకాలూ ఇక్కడ లేవు. చలికాలంలో పిల్లాపాపలతో వచ్చి, ఎండలు ముదిరేదాకా బట్టీ పక్కనే గుడిసెల్లో ఉంటారు. ఇక్కడి ఓటరు జాబితాలో లేరు, పింఛన్ల జాబితాలో లేరు. వాళ్ళ పేర్లున్నది కూలీలను తెచ్చిన సర్దారు దగ్గర, అడ్వాన్సులు రాసుకున్న యజమాని దగ్గర. వేసవికి ముందు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ సమావేశానికి ఆ ఇద్దరినీ కార్మిక శాఖతో పాటు పిలిపిస్తే, బట్టీల వారీగా ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో గర్భిణులెవరో, ఐదేళ్ళలోపు పిల్లలెవరో ఒక్క పూటలో రాసుకోవచ్చు. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు మధ్యాహ్నం బట్టీ ఆపాలని, ఒడియాలో చెప్పే మనిషిని పంపాలని, మంచినీళ్ళ ట్యాంకరు ఎక్కడ నిలపాలో అప్పుడే నిర్ణయించవచ్చు.