కుక్కపిల్లకు లోకపరిచయము

మహాభారతమును చదువ మొదలిడినవారికి ఆదిపర్వముననే ఒక కుక్కపిల్ల యెదురగును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా దేవశునియగు సరమయొక్క కుమారుడు ఆటలాడుచు అచ్చటికి వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు. ఏ తప్పును చేయలేదు. అయినను రాజసోదరులు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడ కేగెను. సరమ వచ్చి, నిరపరాధిని హింసించిన మీకు తలంపని దిక్కునుండి భయము కలుగునని చెప్పి పోయెను. ఈ కథను మేము చిన్ననాడే చదివియుంటిమి. దాని యర్థము మాత్రము మా పెరటిలోనే మాకు తెలిసివచ్చినది.

కొన్నియేండ్ల క్రిందట మే మొక కుక్కపిల్లను పెంచితిమి. వీధిలో దొంగతనములు జరుగుచున్న దినము లవి. కాపలాకుక్క పరుల మొగము చూడరాదనియు, చూచినచో అందరికిని తోక యాడించుననియు తెలిసినవారు చెప్పిరి. మేమును నమ్మి, నాలుగు నెలలు దానిని పశువుల పాకలో కట్టివేసి, ఇంటివారు తప్ప అన్యులు దానిదరికి పోకుండ చూచితిమి. మా యత్తగారు దానికి భైరవుడని పేరు పెట్టిరి. వేళకు అన్నము పెట్టితిమి, కొట్టలేదు, తిట్టలేదు. మావలన ఏ లోపమును లేదనియే తలంచితిమి.

ఏడాది తిరుగునప్పటికి భైరవుడు గొడుగును చూచిన మొరుగును. సైకిలును చూచిన వణకును. దీపావళినాడు గోలెము వెనుక దూరి మరునాటి మధ్యాహ్నమువరకు నీరైనను ముట్టలేదు. తుద కొకనాడు ప్రక్కయింటి ఆరేండ్ల బాలిక తన బంతికొరకు పెరటిలోనికి రాగా, ఆమె ముంజేతిని కరచెను. గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. టీకాలన్నియు క్రమముగా వేయించితిమి. గాయము మానినది గాని ఆ బిడ్డ భయము మానలేదు. భైరవుడు పిదప బ్రదికినన్నాళ్లును గొలుసుననే బ్రదికెను. చెడ్డకుక్క యని వీధివా రనిరి. అది చెడ్డది కాదు, భయపడినది. ఆ భయమును పెంచి పోషించినవారము మేమే.

ఎట్లన, కుక్కపిల్ల జీవితమున ఒక తలుపు కొలదికాలమే తెరచియుండును. పుట్టిన రెండువారములకు దానికి కన్నులు తెరచుకొనును; మూడవవారమునకు చెవులు వినవచ్చును. అప్పటినుండి సుమారు 12 లేక 14 వారముల వయస్సు వరకు అది చూచినదానిని, విన్నదానిని, తాకినదానిని తన లోకములోనివిగా అంగీకరించును. ఆ కాలము గడచిన పిమ్మట క్రొత్తదెల్ల దానికి మొదట శత్రువుగనే తోచును.

అమెరికాలో మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరున ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి 1961లో ప్రకటించిరి. ఎత్తైన కంచెగల పొలమున, మనుష్యుల పొడ సోకకుండ కుక్కపిల్లలను పెరుగనిచ్చి, కొన్నిటిని వేరువేరు వయస్సులందు వారముదినములు మనుష్యుల చెంతకు తెచ్చిరి. పసితనముననే మనుష్యులను చూచినవి చేరికయైనవి. 14 వారములవరకు ఎవ్వరిని చూడనివి ఎంత బుజ్జగించినను అడవిమృగములవలె బెదరినవి. కంచె వేసి వారు తెలిసికొన్న సంగతిని మేము పాకలో కట్టి తెలిసికొంటిమి. వారు చేసినది పరీక్ష. మేము చేసినది పొరపాటు.

నిరుడు శ్రావణమాసారంభమున మరల ఒక పిల్ల మా యింటికి వచ్చినది. నాటుకుక్క; నుదుట తెల్లని మచ్చ యుండుటచే చుక్క యని పిలిచితిమి. ఎనిమిది వారములు నిండువరకు దానిని తల్లికడనే యుంచితిమి. తోడిపిల్లలతో పెనగులాడుటయందే, గట్టిగా కరచినచో ఆట ఆగిపోవునను నీతిని కుక్కపిల్ల నేర్చును. మన మెంత ముద్దుచేసినను ఆ పాఠమును తల్లియు తోబుట్టువులును నేర్పినట్లు మనము నేర్పలేము.

పిల్ల రాగానే మడి మాట వచ్చినది. కుక్క ముట్టిన మడి చెడునని మా యత్తగారు సంకోచించిరి. వారి మాటను త్రోసివేయుటకు మాకు మనస్సు రాలేదు. వంటయింటి గడపయు, దేవునిమూల గడపయు చుక్కకు ఎల్లలని నిర్ణయించితిమి. గడప యివతల కూర్చుండినపుడెల్ల చిన్న అన్నపుముద్ద పెట్టుచుండగా, నెల తిరుగకుండ అది గడప దాటుట మానినది. నేడు మా యత్తగారే ఆ ముద్దను పెట్టుచున్నారు.

రెండవ చిక్కు రోగభయము. టీకాలు పూర్తికాని పిల్లకు పార్వో, డిస్టెంపరు మున్నగు ప్రాణాంతకవ్యాధులు సోకవచ్చును. ఆ టీకాలను ఆరు లేక ఎనిమిది వారముల వయస్సున మొదలిడి, 16 వారములవరకు విడతలుగా వేయింపవలెను. పిచ్చికుక్కవ్యాధి టీకాను మూడవనెల నిండినపిమ్మట వేయుదురు. టీకాలన్నియు ముగియువరకు లోపలనే యుంచుదమన్నచో, పైన చెప్పిన తలుపు మూతపడును. మా పశువైద్యు డిందులకు మధ్యేమార్గమును చెప్పిరి. మొదటి టీకా పడిన వారమునకు, దానిని వీధి నేలపై దింపక చంకన బెట్టుకొని త్రిప్పుమనిరి. టీకాలు పడిన ఆరోగ్యవంతమైన కుక్కలతోనే ఆడనిమ్మనిరి.

మేమట్లే చేసితిమి. ప్రతిదినమును ఒక క్రొత్త మనిషినో, ఒక క్రొత్త ధ్వనినో, ఒక క్రొత్త వస్తువునో దానికి చూపితిమి. పాలవాడు, గ్యాసుబండ తెచ్చు మనిషి, హెల్మెట్టు ధరించినవాడు, చేతికర్ర పట్టిన తాతగారు, బురఖా ధరించిన పొరుగింటి బీబీగారు, అందరిని చుక్క చూచినది. వచ్చినవారిని మే మొకటే కోరితిమి. దానిమీదికి వంగవద్దు, తలపై చేయి పెట్టవద్దు. ప్రక్కగా కూర్చుండి చేయి క్రిందుగా చాచి, అదియే వచ్చువరకు ఊరకుండుడని. వచ్చినపుడు వారిచేతనే చిన్న తునుక పెట్టించితిమి.

ధ్వనుల విషయమునను ఇదియే పద్ధతి. ప్రెషరు కుక్కరు ఈల మొదట దూరపు గదినుండి వినిపించితిమి. మిక్సీ తిరుగునపుడు పెరటిలో దానితో ఆడితిమి. టపాకాయల మ్రోతను సెల్‌ఫోనులో మిక్కిలి సన్నగా పెట్టి, అది అన్నము తినుచుండగా వినిపించి, దినదినమును కొంచెము కొంచెముగా పెంచితిమి. పాదములను, చెవులను, నోటిని నిత్యమును మెల్లగా తాకితిమి. రేపు గోళ్లు కత్తిరించునపుడు, వైద్యుడు పరీక్షించునపుడు ఆ యలవాటే రక్షించును. రోజున కొంతసేపు ఒంటరిగా నుండుటయు నేర్పితిమి. అది తినునపుడును, నిద్రించునపుడును పిల్లలు దానిని కదపకుండునట్లు కట్టడి చేసితిమి.

సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పరిచయము వేరు, బలవంతము వేరు. తోక కాళ్లనడుమకు ముడుచుట, చెవులు వెనుకకు వాల్చుట, పెదవులు నాకుకొనుట, నిద్రరాకయే ఆవులించుట, మన చీరకుచ్చెళ్ల వెనుక దాగుట, ఇవి భయచిహ్నములు. అపుడు ఏమియు కాదని ముందునకు ఈడ్వరాదు. నాలుగడుగులు వెనుకకు వచ్చి, దానికి ధైర్యముగా నున్న దూరమున నిలువవలెను. కొలది నిమిషముల పాఠమే చాలును; కుక్కపిల్ల దినములో చాలభాగము నిద్రపోవలసినదే.

వినాయకచవితి నిమజ్జనమునాడు చుక్కకు పదమూడు వారములు. వీధిచివర నిలిచి చంకన బెట్టుకొని డప్పులు వినిపించితిమి. మొదట మా భుజములో మొగము దాచుకొన్నది. ఇరువది గజములు వెనుకకు నడచితిమి. అచ్చట చెవులు నిక్కించి విన్నది. దీపావళినాడు తలుపులు వేసి దానిని నడిమిగదిలో నుంచితిమి. పెద్ద మ్రోతకు ఉలికిపడినది, లేచి మా కాళ్లకడకు వచ్చినది, కొంతసేపటికి తన పళ్లెము కడకు పోయి తిన్నది. ఉలికిపాటు ప్రాణికి సహజమే. తిరిగి తేరుకొనుటయే మేము కోరినది.

ఇక ప్రక్కయింటి బాలిక. ఆమె కిపుడు పదునొకండేండ్లు. ముంజేతిపై మచ్చ నేటికిని కలదు. చుక్క వచ్చిన నాటినుండి మా గుమ్మము త్రొక్కలేదు. మంచికుక్క యని చెప్పి ఆమె చేయి పట్టి తేవలెనని మాకు పలుమారులు తోచినది. కాని కుక్కపిల్లకు ఈడ్వరాదని చెప్పినవారము బిడ్డ నెట్లీడ్తుము? ఊరకుంటిమి. మొన్న సంక్రాంతికి ఆమె ప్రహరిగోడ యావల నిలిచి, చుక్క యేమి తినునని అడిగినది. ఇడ్డెన తునుక నిచ్చితిమి. గోడమీదుగా విసరినది. చుక్క తిని, ఉన్నచోటనే కూర్చుండి తోక యాడించినది. ఆమె మరియొక తునుక యడిగినది.

గోడకును గుమ్మమునకును నడుమ ఇంక పది యడుగు లున్నవి. ఆ పది యడుగులును ఆమెయే నడువవలెను. మేము వేచియున్నాము.