పరాయివారికే లంగరు

మాల్దీవుల దక్షిణ కొసనున్న అడ్డూ నుంచి చాగోస్‌లోని సాలమన్ పగడపు దీవులకు దాదాపు 300 నాటికల్ మైళ్లు. తెరచాప పడవకు రెండున్నర రోజుల ప్రయాణం. భూమధ్యరేఖ దాపున గాలి మొండికేస్తే ఇంకా ఎక్కువే.

అసలు పరీక్ష ఆఖరి మైలులోనే. ఉత్తరాన ఉన్న సందులోంచి లోపలి మడుగులోకి వెళ్లాలంటే సూర్యుడు నడినెత్తిన ఉండాలి. అప్పుడే లోతైనచోట నీలంగా, పగడపు దిబ్బ పొంచి ఉన్నచోట గోధుమరంగులో నీళ్లు తేడా చూపిస్తాయి. ఒకరు పడవ ముందంచున నిలబడి దారి చెబుతుంటే మరొకరు చుక్కాని తిప్పుతారు. మబ్బు కమ్మిందా, బయటే ఆగిపోవడం మేలు.

బోడమ్ దీవి చెంత లంగరు వేస్తే ఒడ్డున కనిపించేవి కొబ్బరిచెట్లు, శిథిలమైన చర్చి, సమాధులు. డీగోగార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం బ్రిటన్ 1973 నాటికి చాగోస్ వాసులందరినీ దీవుల నుంచి వెళ్లగొట్టింది. ఆ తర్వాత పర్మిట్, బీమా ఉన్న విహారనౌకలు ఇక్కడ వారాల తరబడి ఆగాయి. ఇక్కడి బిడ్డలకు మాత్రం ఆ భాగ్యం లేదు. 2006లో వందమంది దాకా ఓడలో వచ్చి, పెద్దల సమాధులు శుభ్రం చేసి వెనుదిరిగారు. డీగోగార్షియా మినహా మిగతా దీవుల్లో పునరావాసానికి వీలుంటుందని బ్రిటన్, మారిషస్ 2025 మేలో సంతకాలు చేసిన ఒప్పందంలో రాసుకున్నాయి.