గాలిలో దారికి వేలం పాట

ఈసీఈ చదివాను. షానన్ ఫార్ములా నిద్రలో అడిగినా చెప్పేవాణ్ని. అయినా మొదటి టెలికాం ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న దగ్గర దొరికిపోయాను. ‘గాలి ఎవరి సొత్తూ కాదు కదా, మరి ప్రభుత్వం స్పెక్ట్రమ్‌ను వేలం వేయడమేంటి?’ అని అడిగారు. ‘ఖజానాకు డబ్బు కోసం సార్’ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఉద్యోగం రాలేదు. తర్వాత చదువుకుంటే తెలిసింది, నా జవాబు సగమే కరెక్ట్ అని.

వేలం ఎందుకు?

ఒకే ప్రాంతంలో ఒకే ఫ్రీక్వెన్సీని ఇద్దరు వాడితే సిగ్నళ్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. కాబట్టి ఒక్కరికే ఇవ్వాలి. ఎవరికి? మన దేశం 2008లో ‘ముందు వచ్చినవారికి ముందు’ పద్ధతిని నమ్ముకుంది. ధర మాత్రం 2001 నాటిదే! ప్రభుత్వానికి రూ.1.76 లక్షల కోట్ల నష్టం జరిగి ఉండొచ్చని 2010లో కాగ్ అంచనా వేసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. క్రిమినల్ కేసులో మాత్రం 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా తేల్చింది. ఏదేమైనా, స్పెక్ట్రమ్‌ను క్యూలో నిలబెట్టి పంచడం మంచిది కాదన్న పాఠం మిగిలింది.

పాట ఎలా సాగుతుంది?

బాలాపూర్ లడ్డూ వేలంలో వస్తువు ఒక్కటే. ఎక్కువ పాడినవారిదే లడ్డూ. స్పెక్ట్రమ్ అలా కాదు. దేశంలో 22 సర్కిళ్లున్నాయి (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ కలిపి ఒకే సర్కిల్). ఒక్కో సర్కిల్‌లో రకరకాల బ్యాండ్లు. అన్నింటికీ ఒకేసారి, రౌండ్ల వారీగా ఆన్‌లైన్‌లో పాట నడుస్తుంది. ఎక్కడా కొత్త బిడ్ రాని రౌండ్‌తో వేలం ముగుస్తుంది. చివరిదాకా మౌనంగా కూర్చుని ఆఖర్లో దూకుదామంటే కుదరదు. ఒక రౌండ్‌లో చురుగ్గా పాడకపోతే తర్వాతి రౌండ్లలో పాడే అర్హత తగ్గిపోతుంది.

2022లో 5జీ వేలం ఇలాగే 7 రోజులు, 40 రౌండ్లు సాగింది. మొత్తం రూ.1,50,173 కోట్ల బిడ్లు వచ్చాయి. స్పెక్ట్రమ్ హక్కు 20 ఏళ్లు. డబ్బు కూడా 20 వార్షిక వాయిదాల్లో కట్టొచ్చు.

రూల్స్ సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్‌ను చూడండి. 1990 వేలంలో, గెలిచినవారు రెండో అత్యధిక బిడ్ మొత్తం కడితే చాలన్నారు. కనీస ధర పెట్టలేదు. ఒటాగో యూనివర్సిటీ విద్యార్థి ఒకరు ఓ చిన్న ఊరి టీవీ లైసెన్సుకు ఒక్క డాలరు పాడారు. ఇంకెవరూ పాడలేదు. లైసెన్సు ఫ్రీగా వచ్చేసింది! అమెరికాలో 1994లో మొదలైన స్పెక్ట్రమ్ వేలానికి రౌండ్ల పద్ధతిని రూపొందించడంలో ముందున్న పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

అసలు చిక్కు కనీస ధర దగ్గర

మరి కనీస ధర ఎంత పెట్టాలి? ట్రాయ్ సిఫార్సు చేస్తుంది, కేంద్రం ఖరారు చేస్తుంది. మరీ ఎక్కువైతే ఏమవుతుందో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ చెబుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ సిగ్నల్ ఎక్కువ దూరం వెళ్తుంది, గోడలను బాగా దాటుతుంది. పల్లెలకు, ఇళ్ల లోపలికి నెట్‌వర్క్ చేరాలంటే ఇది బంగారం. 2016లో దేశవ్యాప్తంగా ఒక్కో మెగాహెర్ట్జ్‌కు రూ.11,485 కోట్లు అన్నారు. ఒక్క బిడ్ రాలేదు. 2021లో రూ.6,568 కోట్లకు దించారు. మళ్లీ అదే కథ. 2022లో రూ.3,927 కోట్లు చేశాక జియో 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది. బిల్లు రూ.39,270 కోట్లు.

అంటే ఆరేళ్లు ఆ బ్యాండ్ అమ్ముడుపోకుండా ఉండిపోయింది. బొగ్గు ఇవాళ తవ్వకపోతే రేపు తవ్వుకోవచ్చు. స్పెక్ట్రమ్ అలా కాదు. ఖాళీ సీటుతో బస్సు వెళ్లిపోయాక ఆ సీటు మళ్లీ అమ్మలేం కదా! చవగ్గా ఇచ్చేస్తే ఖజానాకు నష్టం, పట్టుబట్టి అమ్మకపోతే సిగ్నల్ లేని ఊరికి నష్టం. మంచి వేలం రెండింటినీ చూసుకోవాలి.

మీకేంటి?

మీ ఫోన్ స్పెసిఫికేషన్స్ తెరిచి 5జీ బ్యాండ్ల జాబితా చూడండి. ఎన్28 అంటే ఈ 700 బ్యాండే. ఎన్78 అంటే 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉండేది, వేగం ఎక్కువ, దూరం తక్కువ. ఈ తేడాను ధరతో కలిపి చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీరు ప్రత్యేకంగా కనిపిస్తారు. ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికాం వాళ్లకు ఇందులో ప్రభుత్వ కొలువూ ఉంది. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీస్‌లోకి వెళ్లొచ్చు. ప్రిపరేషన్ మొదలుపెట్టేవారు ట్రాయ్ వెబ్‌సైట్‌లో స్పెక్ట్రమ్ వేలం సిఫార్సు ఒక్కటైనా చదవండి. ఫార్ములా వెనకున్న డబ్బు లెక్క అక్కడే అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్లీ అడిగితే నా జవాబు ఇదీ: ‘డబ్బు కోసమే కాదు సార్. బాగా వాడుకోగలిగిన వాళ్ల చేతికి వెళ్లడం కోసం.’