రెండు పేర్లు, రెండు దీపాలు

పుదుచ్చేరి నుండి, యానాం నుండి సముద్రం దాటి ద్వీపాలకు చేరిన మనవారు పరాయి నేలను, పరాయి ప్రార్థనా మందిరాన్ని ఎలా తమవిగా చేసుకున్నారు?

పుదుచ్చేరిలో సముద్రానికి దగ్గరగా ద్యూమా వీధి అనే వీధి ఒకటి ఉన్నది. 1855 లో నిర్మించిన దేవదూతల మాత దేవాలయం ఆ వీధిలోనే జంట గోపురాలతో నిలిచి ఉన్నది. ఆ పరిసరాలలో తిరిగే యాత్రికులలో అప్పుడప్పుడు కొందరు మన దృష్టిని ఆకర్షిస్తారు. ఒంటి రంగు మనదే, కనుముక్కు తీరు మనదే. మాట మాత్రం ఫ్రెంచి. పేరు అడిగితే మొదటి సగం ఏ క్రైస్తవ పునీతునిదో, రెండవ సగం ఏ రామస్వామిదో అయి ఉంటుంది. వారు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం నుండి వచ్చినవారు. ముత్తాతల ఊరు ఏదో తెలుసుకోవాలని వచ్చినవారు.

ఒకే మనిషికి ఈ రెండు పేర్లు ఎలా వచ్చాయి? ఆ కథకు మొదటి ఆధారం ఆ వీధి పేరులోనే దొరుకుతుంది. ద్యూమా 1735 లో పుదుచ్చేరికి గవర్నరుగా వచ్చాడు. అంతకు ముందు ఆయన రీయూనియన్ ద్వీపానికి గవర్నరు. ఆనాడు ఆ ద్వీపం పేరు బూర్బోన్. అక్కడ కోటలు, గిడ్డంగులు కట్టడానికి చేయి తిరిగిన పనివారు కావలసి వచ్చినప్పుడు ఆయన చూపు పుదుచ్చేరిపై పడింది. 1729 ప్రాంతంలో ఇక్కడి తాపీ పనివారు, వడ్రంగులు ఓడలెక్కారు. ఆ తరువాత మారిషస్‌ను పాలించిన లా బూర్దొనే కూడ పోర్ట్ లూయీ రేవు పట్టణాన్ని తీర్చిదిద్దడానికి పుదుచ్చేరి పనివారినే పిలిపించుకున్నాడు. ఆయన పేరు గల వీధి కూడ పుదుచ్చేరిలో ఉన్నది. ఈ ఊరి వీధులలో నడవడమంటే ఆ ద్వీపాల చరిత్ర పుటలను తిరగవేయడమే.

మొదట వెళ్లినవారు తెలుగువారు

పంతొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల కోసం కూలీలను తరలించడం మొదలైంది. ఫ్రెంచి ద్వీపాలకు ఆ విధంగా ఒప్పందంపై మొదట వెళ్లినవారు తెలుగువారన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఆనాడు ఫ్రెంచివారిది. నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 1828 లో ‘లా తుర్క్వాజ్’ అనే ఓడలో యానాం నుండి పదిహేనుమంది బూర్బోన్‌కు బయలుదేరారు. ఫ్రెంచి కాగితాలు వారిని ‘తెలింగాలు’ అని పేర్కొన్నాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆ ద్వీపానికి చేరినవారి సంఖ్య సుమారు 3 వేలు అయింది.

కాని ఆ ప్రయత్నం విఫలమైంది. జీతం సరిగా అందలేదనీ, తిండి చాలడం లేదనీ ఫిర్యాదులు బయలుదేరాయి. వారిలో పెక్కుమంది తిరిగి స్వదేశం చేరారు. కారణం ఊహించడం కష్టం కాదు. అప్పటికి ఆ ద్వీపంలో బానిసత్వం రద్దు కాలేదు. అది 1848 డిసెంబరు 20 న గాని రద్దు కాలేదు. తరతరాలుగా బానిసలతో పని చేయించుకోవడమే తెలిసిన యజమానికి, ఒప్పందం చేతబట్టుకుని వచ్చిన స్వతంత్రుడు ఎదురైతే ఎలా మెలగవలెనో తెలియలేదు. కొత్తచోట సర్దుకోవడం వచ్చినవాని ఓర్పుపై మాత్రమే ఆధారపడదు, పిలిచినవాడు మాట నిలుపుకోవడంపైన కూడ ఆధారపడుతుంది. యానాం వారి అనుభవం చెప్పే మొదటి పాఠం ఇదే.

బానిసత్వం రద్దయిన తరువాత తోటలకు కూలీల కరవు వచ్చింది. ఈసారి పుదుచ్చేరి, కారైకాల్ రేవులు ప్రధాన ద్వారాలైనాయి. 1860 లో ఫ్రాన్సు, బ్రిటన్ కుదుర్చుకున్న ఒడంబడిక వలన బ్రిటిషు ఇండియా జిల్లాలనుండి కూడ మనుషులను తీసుకుపోవడానికి వీలు కలిగింది. ఈ విధంగా రీయూనియన్‌కు లక్షకు పైగా, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి అంచున ఉన్న గ్వాడెలూప్‌కు సుమారు 42 వేలు, మార్టినిక్‌కు సుమారు 25 వేలమంది చేరారు. వారిలో అధిక సంఖ్యాకులు తమిళులు. వారి నడుమ తెలుగువారు కూడ ఉన్నారు. ద్వీపవాసులకు ఆ భేదం పట్టలేదు. రీయూనియన్‌లో అందరినీ కలిపి ‘మలబార్లు’ అన్నారు.

ఓడలో కూలిన గోడ

పుదుచ్చేరిలో ఆనాడు పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. అలలను దాటించే నాటు పడవలలో మనుషులను ఓడ దాకా చేర్చేవారు. రీయూనియన్‌కు వారాల ప్రయాణం, అట్లాంటిక్ ద్వీపాలకు నెలల ప్రయాణం. సముద్రం దాటితే కులం చెడుతుందని నమ్మిన రోజులవి. ఓడ అడుగు అరలో ఎవరి పక్కన ఎవరు పడుకోవలెనో, ఎవరు వండినది ఎవరు తినవలెనో నిర్ణయించే అధికారం ఊరి పెద్దలకు లేదు.

ఇందుకు పుదుచ్చేరిలోనే ఒక పూర్వకథ ఉన్నది. ఇక్కడి ‘సంబా కోవిల్’ దేవాలయంలో అగ్రకుల క్రైస్తవులకూ, అంటరానివారుగా చూడబడిన క్రైస్తవులకూ నడుమ ఒక గోడ ఉండేది. ఒకే దేవుని ముందు ఈ గోడ ఎందుకని ఆ అణగారినవారు మతగురువులను నిలదీశారనీ, ఆ గోడను పడగొట్టించారనీ, దానిపై పెద్ద రభస జరిగిందనీ ఆనందరంగ పిళ్లై తన దినచర్య గ్రంథంలో 1745 నాటి ఘటనగా వ్రాశాడు. ఊరిలో అంత కలవరం లేపిన ఆ గోడను ఓడ అడుగు అర చడీచప్పుడు లేకుండా కూల్చివేసింది. అణగినవానికి వలస ఒక్క దుఃఖమే కాదు. కొంత విడుదల కూడ.

వంటింట్లో నిలిచిన ఊరు

రీయూనియన్‌లో దిగినవారిని తిన్నగా తోటలకు పంపేవారు కాదు. అంటురోగాల భయంతో లా గ్రాండ్ షలూప్ అనే చోట కట్టిన భవనాలలో కొన్నాళ్లు వేరుగా ఉంచేవారు. ఆ తరువాత చెరకు తోట, తెల్లవారుజామున గంట, హాజరు పట్టీ, వరుస గదుల నివాసం. మారిషస్ తోటలలో ఒకరోజు పని మానితే రెండు రోజుల జీతం కోసే పద్ధతి ఉండేది.

భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు కూడ తారుమారు. మనకు చలి వణికించే పుష్యమాసం అక్కడ మండు వేసవి, తుఫానుల కాలం. అయినా ఒక చిత్రం జరిగింది. రీయూనియన్‌లో చెరకు నరకడం డిసెంబరు నాటికి ముగుస్తుంది. జనవరిలో సంక్రాంతి వస్తుంది. ఇంట ఉన్నప్పుడు అది వరికోతల పండుగ. ద్వీపంలో చెరకు కోత ముగిసిన పండుగ అయింది. పంట మారినా పండుగ చెదరలేదు.

కొత్త నేలపై మనిషి ముందుగా నిలబెట్టుకునేది రుచినే. రీయూనియన్ వంటకాలలో నేటికీ ‘రుగాయ్’ ఒకటి ఉన్నది. ఆ మాట వినగానే తమిళుల ‘ఊరుగాయ్’, మన ‘ఊరగాయ’ గుర్తుకు రాక మానవు. కరివేపాకు అక్కడ ‘కాలూపిలే’. మునగాకు కూర ‘బ్రెద్ మురుంగ్’. మసాలా ‘మసలే’. ఈ మాటలు నేడు ఒక్క భారతీయ సంతతివారివే కావు. ఆఫ్రికా సంతతివారు, తెల్లవారు, చీనావారు కూడ ఇంటింటా వాడుకునే మాటలు. మనవారు ద్వీపానికి అలవాటు పడ్డారు. ద్వీపం కూడ మనవారికి అలవాటు పడింది.

చర్చిలో ఆదివారం, గుడిలో మొక్కు

తిండి విషయం సులువు. దేవుని విషయం కష్టం. ఒప్పందాలు కూలీల మతాచారాలకు అడ్డు చెప్పలేదు. తోటల అంచున చిన్న గుళ్లు వెలిశాయి. నిప్పులపై నడిచే మొక్కు, మారియమ్మ జాతర అక్కడికి చేరాయి. కాని ద్వీపసమాజానికి కేంద్రం కతోలిక దేవాలయం. గౌరవం, తోటివారి సాంగత్యం, వివాహ సంబంధాలు దానితో ముడిపడి ఉండేవి. రాజధాని సెయింట్ డెనిస్‌లో భారతీయుల కోసం పునీత తోమాసు పేర ఒక దేవాలయమే వెలిసింది.

కొందరు విశ్వాసంతో జ్ఞానస్నానం పొందారు. పుదుచ్చేరి, కారైకాల్ నుండి వెళ్లేనాటికే క్రైస్తవులైనవారు కొందరు. పిల్లల భవిష్యత్తు కోసం పొందినవారు ఎందరో. బిడ్డకు చర్చిలో ఫ్రెంచి పేరు పెట్టారు. ఇంటికి వచ్చి తాత పేరుతో పిలుచుకున్నారు. పెళ్లి, అంత్యక్రియలు చర్చిలో జరిగాయి. జబ్బు చేసినప్పుడు మొక్కుకున్నది మారియమ్మకు. మతగురువులలో కొందరు దీనిని విగ్రహారాధన అని కోపించారు. హిందూ సంప్రదాయంలో నిష్ఠగలవారు ఇది ఏ ఎండకా గొడుగు పట్టడమని ఎద్దేవా చేశారు.

రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు నీట పడతాడని మన సామెత. కాని ఈ మనుషుల గతి వేరు. ఒకే పడవపై నిలిచే అవకాశం వారికెవరూ ఇవ్వలేదు. చర్చి కాదంటే ఊరివారు కారు. గుడి కాదంటే తల్లిదండ్రులకు దూరం. వారు రెండింటినీ పట్టుకున్నారు. పడిపోలేదు. ద్వీపంలోని రివియేర్ దే ప్లూయీలో నల్లని మేరీమాత విగ్రహం ఒకటి ఉన్నది. ఆ తల్లి ముందు మోకరిల్లేవారిలో కతోలికులూ ఉన్నారు, కాళీమాత భక్తులూ ఉన్నారు. మారిషస్‌లో 1841 నుండి 1864 వరకు పేదల నడుమ సేవ చేసి మరణించిన లవాల్ స్వామి సమాధికి ఏటా సెప్టెంబరులో సాగే పాదయాత్రలో హిందువులు, ముస్లిములు కూడ నడుస్తారు. భక్తి విషయంలో సామాన్యుడు పండితునికన్నా ఉదారుడు.

అయితే ఈ సర్దుబాటుకు చెల్లించిన వెల తక్కువ కాదు. భాష పోయింది. రీయూనియన్‌లో మూడు నాలుగు తరాలలో తమిళమూ తెలుగూ ఇంటి మాటలు కాకుండా పోయాయి. మంత్రం మిగిలింది, అర్థం పోయింది. ఫ్రెంచి గుమాస్తా చెవికి వినిపించినట్లు వ్రాసుకున్న ఇంటిపేరు మిగిలింది, దాని వెనుక ఉన్న ఊరు మరుగైంది.

హక్కు కోసం ఒక జీవితం

సర్దుకోవడమంటే తలవంచడమే అనుకుంటే పొరపాటు. 1854 డిసెంబరు 24 న, సరిగ్గా క్రిస్మసుకు ముందునాడు, ‘ఒరేలీ’ అనే ఓడ 344 మంది భారతీయులతో గ్వాడెలూప్ చేరింది. ఊరంతా పండుగలో ఉన్నవేళ వారు బెదురుచూపులతో ఒడ్డున దిగారు. ఆ ద్వీపంలోనే 1863 లో భారతీయ దంపతులకు హెన్రీ సిదంబరం జన్మించాడు. పేరు చూడండి. ముందు ఫ్రెంచి, వెనుక చిదంబరం. అక్కడే పుట్టి పెరిగిన భారతీయ సంతతివారికి ఓటుహక్కు లేదనడాన్ని ఆయన సహించలేదు. 1904 లో వ్యాజ్యానికి పూనుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లు పోరాడగా 1923 లో వారి పౌరసత్వానికి గుర్తింపు లభించింది. మొదటి పేరు ఆయనకు ఆ సమాజపు భాషనిచ్చింది. రెండవ పేరు ఎవరి తరఫున మాట్లాడవలెనో గుర్తుచేసింది.

ఇక తెలుగుదనం పూర్తిగా మాసిపోయిందా అంటే లేదనే చెప్పాలి. బ్రిటిషువారి పాలనలో ఉన్న మారిషస్‌కు కోరంగి మొదలైన రేవుల నుండి వెళ్లిన తెలుగువారు అధికసంఖ్యలో ఒకచోట నిలదొక్కుకున్నారు. వారి సంతతి నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తుంది, రామభజనలు చేస్తుంది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. సంఖ్య, సంఘం, బడి ఉన్నచోట భాష నిలిచింది. లేనిచోట దీపం ఒక్కటే నిలిచింది.

ఒడ్డున నిలబడి

సాయంవేళ పుదుచ్చేరి తీరాన నిలబడితే పాత రేవు వంతెన తాలూకు స్తంభాలు నీటిలో కనిపిస్తాయి. 1866 లో వెలసిన ఆ వంతెన 1952 తుఫానులో కూలిపోయింది. తమవారు బయలుదేరిన చోటు ఇదేనని రీయూనియన్ నుండి వచ్చినవారు ఆ నీటిని చూస్తూ నిలబడతారు. అందరికీ ముత్తాతల ఊరు దొరకదు. కాని వంటింట్లో ‘కాలూపిలే’ అని తాము పిలిచే ఆకు ఇక్కడి సంతలో కరివేపాకై కనిపించినప్పుడు ఆ వెదుకులాట వృథా కాలేదనిపిస్తుంది.

నేడు మన పిల్లలు చదువులకు, కొలువులకు ఏ దేశానికైనా విమానంలో ఒక్కరోజులో చేరుతున్నారు. చేతిలో చీటీ, వెనుకకు వచ్చే దారి ఉన్నాయి. అవి రెండూ లేనివారు వెళ్లిన ఊరిని గౌరవించారు, విడిచిన ఊరిని మరువలేదు. ఇంట రెండు దీపాలు వెలిగించుకున్నారు. ఒకదాని వెలుగు మరొకదాని వెలుగును తగ్గించలేదు.