మోటారు మోజు, రోడ్డు మర్యాద

మనిషికో పిచ్చి అన్నారు. కొందరికి చీట్లపేక, కొందరికి కోడిపందెం, నాకు మోటారు కారు. మాది పెదవేగి. శాలంకాయనులూ, ఆ తరువాత తూర్పు చాళుక్యులూ రాజధానిగా ఏలిన వేంగి ఇదే గనక, రథాల మోజు ఈ మట్టిలోనే ఉందని మిత్రులు నన్ను ఎగతాళి చేస్తూ ఉంటారు. ఉంటే ఉండవచ్చు. అయితే ఇప్పుడు నేను చెప్పబోయే మాటలు వింటే సాటి కారు ప్రియులే నన్ను పంక్తిలోంచి లేవగొడతారేమో!

కారు కొని నెల తిరక్కుండా మనవాళ్ళు దానికి అలంకారాలు మొదలుపెడతారు. ముందు బంపరు గార్డు, పైన కళ్ళు చెదిరే తెల్ల దీపాలు, చెవులు చిల్లులుపడే హారను, కింద లావుపాటి టైర్లు. పెళ్ళికూతురికైనా ఇంత హడావిడి ఉండదు. ఒక్కొక్క నగ ఏం చేస్తుందో చూద్దాం.

కారు ముందు భాగాన్ని తయారు చేసేవారు నలగడానికే తయారు చేస్తారు. రేకు నలిగేకొద్దీ దెబ్బ ఊపు తగ్గి, లోపలి మనిషి బతుకుతాడు. దానికి అడ్డంగా ఇనప గార్డు బిగిస్తే, దెబ్బ తిన్నగా చట్రానికే తగులుతుంది. ఎయిర్ బ్యాగు తెరుచుకోవలసిన క్షణమూ తప్పవచ్చు. ఎదుట నడిచిపోయేవాడికి ఆ గార్డు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వం వీటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా బజారులో గార్డులకు కొదవ లేదు.

ఇక తెల్ల దీపాలు. పాత రకం బల్బు కోసం చేసిన గిన్నెలో ఎల్.ఇ.డి. బల్బు దూరిస్తే, వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. కొన్ని క్షణాలపాటు వాడికి రోడ్డే కనబడదు. ఆ క్షణాల్లో వాడు వచ్చేది మన మీదికే గదా! లావు టైర్ల సంగతి అంతకన్న చిత్రం. చక్రం చుట్టుకొలత పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కన్న తక్కువ చూపిస్తుంది. అరవై మీద పోతున్నాననుకునేవాడు నిజానికి ఇంకా జోరుగా పోతూ ఉంటాడు.

జోరు మాట వచ్చింది గనక మా ఊరి రోడ్డు సంగతి చెబుతాను. పెదవేగిలో పామాయిలు ఫ్యాక్టరీ ఉంది. గెల కోసిన తరువాత ఒక రోజులోగా ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యం చెడుతుంది. అంచేత చీకటి పడిందని గెలల ట్రాక్టరు ఆగదు. తొట్టి వెనక ఎర్రదీపం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. ఎదర తొట్టి కనబడి, మన కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒకటి, ఒకటిన్నర సెకను. ఆ మీదట పొడి రోడ్డున బండి ఆగడానికి మరో 35 మీటర్లు. మొత్తం 60 మీటర్లకు అటూ ఇటూ. దించిన దీపాలు చూపించేది 40, 50 మీటర్లే. అంటే తొట్టిని చూసేటప్పటికే వ్యవహారం ముగిసిందన్నమాట! అదే 50 మీద పోతే సుమారు 35 మీటర్లలో ఆగుతాం. నేను నమ్మే డ్రైవింగు సూత్రం ఇదొక్కటే: దీపం ఎంత దూరం చూపిస్తే అంత దూరంలో ఆగగలిగే వేగమే వేగం.

ఏలూరు దాటి కైకలూరు వైపు కొల్లేరులోకి దిగితే ఇంకొక ప్రమాదం. గట్టులాంటి రోడ్డు, పక్కన చేపల చెరువులు, చేపల లారీలు కార్చిన నీళ్ళు. అక్కడ జారితే చెట్టుకు కొట్టుకోం, నీళ్ళలో పడతాం. "సీటు బెల్టు పెట్టుకుంటే నీళ్ళలో ఇరుక్కుపోతామండీ" అని చాలామంది నాతో వాదించారు. బెల్టు లేనివాడికి పడ్డప్పుడే తల పగిలి స్పృహ పోతుంది. స్పృహ లేనివాడు ఈదేదెట్లా? పడిన వెంటనే బెల్టు విప్పాలి, అద్దం దించాలి, పిల్లల్ని ముందు పంపి ఆ కిటికీలోంచే బయటపడాలి. తలుపుతో కుస్తీ పట్టకూడదు. బయటి నీటి ఒత్తిడికి అది రాదు. అద్దం దిగకపోతే పక్క అద్దం పగలగొట్టాలి. అందుకని కారుకు ఏదైనా చేర్చదలిస్తే, చేతికందేచోట ఒక చిన్న సుత్తి చేర్చండి. దానికి ఏ కోర్టూ అడ్డు చెప్పదు.

ఇంతవరకూ మన క్షేమం. అసలు ఈ రోడ్ల మీద పోయేదెవరు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్ళ, స్కూటర్లవాళ్ళు. 19 మందికి పైగా నడిచిపోయేవాళ్ళు. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు విశాలమైన కొత్త రహదారి పడింది, సంతోషమే. కాని హైవే నుంచి పల్లెలోకి తిరిగే మలుపు దగ్గర ఒక దీపం, బడిపిల్లలు నడవడానికి రోడ్డు పక్కన రెండు గజాల మట్టి మార్జిను - ఇవీ రహదారి పనులే గదా? లెక్కల్లో ఇవి ఎప్పుడూ చివర్నే వస్తాయి.

బస్సులు కూడా అంతే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా చేశారు. మంచి పని. కాని రాత్రి పనులు ముగించుకుని ఇంటికి పోయేవేళకు పల్లెకు బస్సు కూడా ఉండాలి. లేకపోతే ఒక్క మోటారు సైకిలు మీద ముగ్గురు ఎక్కుతారు; మన దీపాల వెలుగులోకి వచ్చేది వాళ్ళే. కారు ప్రియుడు బస్సు కోరడమేమిటని నవ్వకండి. నిండుగా పోయే ఒక్క బస్సు రోడ్డు మీద ముప్ఫై బళ్ళను తగ్గిస్తుంది. హాయిగా కారు నడుపుకోవాలనుకునేవాడే అందరికన్న ముందు బస్సు కోసం అర్జీ పెట్టాలి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి కారుకు కొత్త హారను పెట్టించాలని బుద్ధి పుడితే, ఆ డబ్బులో కొంత తీసి పక్కింటివారి ట్రాక్టరు తొట్టికి వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి. అంతమంచి అలంకారం నాకు తెలిసి మరొకటి లేదు.